పాత కారుకు బాల్ జాయింట్ మార్చడం: ఏ పనిముట్టు కొనాలి, ఏది అద్దెకు తెచ్చుకోవాలి

తిరుమల కొండ దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర 'టక్కు'మంటే తిరుపతి డ్రైవర్లు మొదట అనుమానించేది బాల్ జాయింటునే. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. బళ్లన్నీ దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో. దానిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ప్రతి మలుపులోనూ స్టీరింగు బాగా తిరిగి ఉంటుంది, బ్రేకు మీద కాలు ఉంటుంది, బండి బరువు ముందుకు తూలి బయటి చక్రం మీద పడుతుంది. అప్పుడు చక్రాన్ని బండికి అంటిపెట్టుకునేలా చూసేది బాల్ జాయింటులో ఒక గిన్నెలో కూర్చుని తిరిగే, నిమ్మకాయ కంటే చిన్నదైన ఒక ఉక్కు బంతి. చిత్తూరు వైపు వారికి మొగిలి ఘాట్, పీలేరు దారిలో తిరిగేవారికి భాకరాపేట ఘాట్ ఇదే పరీక్ష పెడతాయి. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో, జాయింటును కప్పి ఉంచే రబ్బరు తొడుగు, అంటే బూటు, పగిలితే దానిలోంచి నీరూ ఇసుకా లోపలికి దూరతాయి. గ్రీజు పోయాక బంతి, గిన్నె ఒకదాన్నొకటి తినేస్తాయి.

బాల్ జాయింట్ పూర్తిగా ఊడితే చక్రం పక్కకు మడుచుకుని బండి కూలబడుతుంది. అందుకే ఈ పనిని వాయిదా వేయకూడదు, సగం సగం పనిముట్లతో మొదలుపెట్టనూ కూడదు. అలాగని అంగడికి వెళ్లి కనిపించిందల్లా కొనాల్సిన పనీ లేదు. బండి కింద దూరి, మీ జాయింట్ ఏ రకమో కళ్లతో చూసే వరకు ఒక్క ప్రత్యేక పనిముట్టు కూడా కొనవద్దు. ఒక బండికి ప్రాణమైన పనిముట్టు ఇంకో బండికి ఇనుప తుక్కు.

ముందు రోగం తేల్చుకోండి

చక్రాన్ని నేల నుంచి కొద్దిగా లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపండి. కదులుతోందంటే కారణం బాల్ జాయింట్ కావచ్చు, చక్రం బేరింగు కావచ్చు. బండిలో ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించి మళ్లీ ఊపండి. కదలిక ఆగిపోతే బేరింగు, ఆగకపోతే చూపు బాల్ జాయింట్ మీద పెట్టాలి. కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే అది ఎక్కువగా స్టీరింగు కడ్డీని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ తగాదా.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. చక్రాన్ని బండికి కలిపి పైకీ కిందికీ ఊగే ఇనుప చెయ్యిని ఆర్మ్ అంటారు. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండి అయితే జాకీని కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింటుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. అలా చేస్తేనే జాయింట్ మీద స్ప్రింగు ఒత్తిడి తగ్గి అరుగుదల బయటపడుతుంది. ఛాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆ జాయింటును బిగపట్టి ఉంచుతుంది, అరిగిన జాయింట్ కూడా కొత్తదానిలా నటిస్తుంది. మారుతి 800 వంటి స్ట్రట్ బళ్లలో, అంటే స్ప్రింగు, షాక్ అబ్సార్బరు కలిసి ఒకే నిలువు కంబంగా ఉండే బళ్లలో, స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉండే బళ్లలో ఇది తిరగబడుతుంది: జాకీ ఛాసిస్ కిందే ఉండాలి.

ఈ పరీక్షకు కావలసిన పనిముట్టు ఒక పొడవాటి గడ్డపార లాంటి ప్రై బార్. రెండడుగులది చాలు. ఆర్మ్‌కూ, చక్రాన్ని మోస్తూ స్టీరింగుతో తిరిగే నకిల్‌కూ మధ్య దాన్ని ఆనించి మెల్లగా ఎత్తుతుంటే, అరిగిన జాయింటులో బంతి గిన్నెలోంచి పైకి లేచి మళ్లీ దిగడం కంటికి కనిపిస్తుంది. బూటు పక్కన వేలు ఆనిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఎంత కదలిక వరకు ఫరవాలేదో బండి సర్వీసు మాన్యువల్ చెబుతుంది. కొన్ని జాయింట్లలో అసలు కదలికే ఉండకూడదు.

మూడు రకాల బిగింపు, రెండు రకాల కాడ

బాల్ జాయింటుకు రెండు కొసలున్నాయి. ఒక కొస ఆర్మ్‌లో కూర్చుంటుంది. రెండోది కాడ, అంటే స్టడ్, నకిల్‌లోకి వెళ్తుంది. పనిముట్టు ఎంపిక అంతా ఈ రెండు కొసలు ఎలా పట్టుకుని ఉన్నాయన్న దాని మీదే ఉంటుంది.

ఆర్మ్ వైపు చూస్తే, కొన్నింటిలో జాయింటును రంధ్రంలోకి ఒత్తి బిగిస్తారు, పైన గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు, అంటే సర్‌క్లిప్, ఉండవచ్చు. కొన్నింటిలో మూడో నాలుగో బోల్టులు ఉంటాయి. కంపెనీలో బిగించినప్పుడు బోల్టుల బదులు రివెట్లు ఉండటమూ కద్దు. ఇంకొన్నింటిలో జాయింట్, ఆర్మ్ కలిపి ఒకే ముక్క, అరిగితే ఆర్మ్ మొత్తం మార్చేయడమే. పాత బండిలో ముందటి మెకానిక్ ఏం చేశాడో తెలియదు కాబట్టి పుస్తకంలో ఒకటి ఉండి బండి కింద ఇంకొకటి ఉండవచ్చు. రివెట్ల చోట బోల్టులు కనిపిస్తే ఆ జాయింట్ ఒకసారి మారినట్టే.

నకిల్ వైపు కాడ రెండు విధాలు. ఒకటి టేపర్ కాడ: పైకి పోను పోను సన్నబడుతుంది, కొసన గాళ్లున్న కాజిల్ నట్టు, దాని గుండా స్ప్లిట్ పిన్ను. రెండోది నిలువు కాడ: దాని మెడ చుట్టూ ఒక గాడి, ఆ గాడిలోంచి అడ్డంగా దూరే పించ్ బోల్టు. మారుతి చిన్న కార్లలో కనిపించేది ఈ రెండోదే. క్వాలిస్, టవేరా వంటి డబుల్ విష్‌బోన్ బళ్లలో, అంటే చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఉండే బళ్లలో, ఒక్కో చక్రానికి పైనొకటి కిందొకటి చొప్పున రెండు టేపర్ కాడలతో వేగాలి.

తడి గుడ్డతో మట్టి తుడిచి, టార్చి వేసి, ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. విడిభాగం కొనేటప్పుడు అంగడివాడికి మాటలతో చెప్పడం కంటే ఆ ఫొటో చూపించడం నయం. తిరుపతి, చిత్తూరు అంగళ్లలో దొరకని పాత బళ్ల భాగాల కోసం మనవాళ్లు చెన్నైకో బెంగళూరు జేసీ రోడ్డుకో వెళ్తుంటారు. స్టీరింగు, సస్పెన్షన్ జాయింట్లు తయారుచేసే రాణే సంస్థ చెన్నైదే. పాత బళ్ల భాగాలు అమ్మే చెన్నై పుదుపేటలో పాత తలుపు కొనండి, పాత అద్దం కొనండి, పాత బాల్ జాయింట్ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు.

మొదటి ఖర్చు స్టాండ్ల మీద పెట్టండి

బండితో వచ్చిన కత్తెర జాకీ పంక్చరు కోసం. దాని మీద నమ్మకం పెట్టి బండి కిందికి తల పెట్టకూడదు. రెండు టన్నులకు తగ్గని ట్రాలీ జాకీ, రెండు జాక్ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డం వేసే రెండు చెక్క దిమ్మెలు ముందుగా సమకూర్చుకోండి. క్వాలిస్, బొలెరో వంటి బరువైన బళ్లకు మూడు టన్నుల స్టాండ్లు తీసుకోవడం మంచిది. స్టాండు కొనేటప్పుడు దాని పళ్ల చక్రాన్ని, పిన్నును చూడండి. వెల్డింగు అతుకులు సన్నగా, చుక్కలు చుక్కలుగా ఉంటే వదిలేయండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, పాత డిస్కులు స్టాండ్లు కావు. ఇటుక బరువు కింద నలిగేటప్పుడు ముందుగా చెప్పదు.

పని చేసే చోటు గచ్చు నేల అయి ఉండాలి. మట్టి నేల తప్పదనుకుంటే స్టాండ్ల కింద మందమైన పలక వేయాలి. కళ్లద్దాలు కూడా ఈ ఖర్చులోనే కలపండి. సుత్తి దెబ్బకు లేచే తుప్పు పెచ్చు కంట్లోకే వస్తుంది.

పానాలు: ఉన్నవి ఎంతవరకు చాలు

మారుతి, టయోటా బళ్లకు 10, 12, 14, 17, 19 సైజులతో చాలావరకు పని జరిగిపోతుంది. ఇంట్లో డబుల్ ఎండ్ పానాలు ఉన్నా, ఈ పనికి రింగు పానాలు, ఆరు మూలల సాకెట్లు కావాలి. పన్నెండు మూలల సాకెట్ తుప్పు పట్టిన నట్టు అంచులను తేలిగ్గా గుండ్రం చేస్తుంది, ఆ తర్వాత ఉలి తప్ప గతి ఉండదు. అర అంగుళం చదరపు డ్రైవు, దానికి రెండడుగుల బ్రేకర్ బార్ తీసుకోండి. నాసిక్‌లో తయారయ్యే టపారియా వంటి మామూలు మంచి బ్రాండు చాలు, దిగుమతి సెట్ల జోలికి పోనక్కర్లేదు.

అంబాసిడర్ ఉన్నవారు మాత్రం ఇక్కడ ఆగాలి. బ్రిటిష్ వంశం కాబట్టి అంగుళాల కొలత నట్లు ఎదురవుతాయి. 9/16 అంగుళమంటే 14.3 మిల్లీమీటర్లు. దానికి 14 పానా ఎక్కదు, 15 పానా వదులై అంచులు కొట్టేస్తుంది. 3/4 అంగుళం అదృష్టవశాత్తూ 19.05 కాబట్టి మంచి 19 పానా దాదాపు సరిపోతుంది. ఆ అదృష్టాన్ని మిగతా సైజుల్లో ఆశించకండి. నట్టు మీద పానా వేసి, బలం పెట్టకముందే ఊపి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

తుప్పు వదిలించే నూనెను ముందు రోజు సాయంత్రమే పోసి ఉంచండి, మర్నాడు సగం శ్రమ తప్పుతుంది. గ్యాసు మంటతో వేడి చేయడం షెడ్లలో మామూలే కానీ, పక్కనే రబ్బరు బూట్లు, గ్రీజు, బ్రేకు గొట్టం ఉంటాయి. ఇంటి దగ్గర ఆ పని వద్దు.

టేపర్ కాడను విడదీయడం

ఎక్కువ చేతులు కమిలేది ఇక్కడే. నట్టు తీసినా కాడ ఊడి రాదు, టేపర్ రంధ్రంలో అతుక్కుపోయి ఉంటుంది. ముందు స్ప్లిట్ పిన్ను తీయాలి. ఏళ్ల తరబడి నానిన పిన్ను కొసలు లాగితే విరిగిపోతాయి. వాటిని నిలువుగా చేసి, నూనె వేసి, సన్నని పంచ్‌తో వెనక నుంచి కొట్టండి. నట్టు విప్పుతుంటే కాడ కూడా దానితో పాటు తిరుగుతుందా? జాకీతో జాయింట్ అడుగు నుంచి కొద్దిగా ఎత్తి పట్టండి. టేపర్ బిగుసుకుని కాడ తిరగడం ఆగుతుంది.

నట్టు పూర్తిగా తీసేయకూడదు. రెండు మూడు మరలు పట్టి ఉండేలా వదలండి. టేపర్ వదిలినప్పుడు వచ్చే 'ఠప్పు' చప్పుడుకు ఆర్మ్ ఒక్కసారిగా కింద పడకుండా ఆపేది ఆ నట్టే. స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఉన్న బండిలో ఆర్మ్ కింద జాకీ కదలకుండా ఉండి తీరాలి. అది లేకుండా జాయింట్ విడదీస్తే బిగించి ఉన్న స్ప్రింగు ఎటు దూకుతుందో చెప్పలేం. చుట్టల స్ప్రింగు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీ ఉండే టార్షన్ బార్ బళ్లలో బార్ సర్దుబాటు బోల్టును ముందు వదులు చేయాలి. అంతకుముందే బోల్టుకు సున్నంతోనో రంగుతోనో గుర్తు పెట్టి, ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి. లేకపోతే తిరిగి బిగించాక బండి ఒక పక్కకు వంగి నిలబడుతుంది.

విడదీసే పనిముట్లలో అందరికీ తెలిసింది రెండు కొమ్ముల ఫోర్కు. కాడ చుట్టూ దూర్చి సుత్తితో కొడతారు. చవక, త్వరగా పని చేస్తుంది, రబ్బరు బూటును చీల్చేస్తుంది. పారేసే జాయింటు మీద వాడితే నష్టం లేదు. కానీ పక్కనున్న మంచి టై రాడ్ ఎండును విప్పడానికి కూడా అదే ఫోర్కు వాడేవారున్నారు, ఆరు నెలలకు దాన్నీ మార్చాల్సి వస్తుంది. నా మాట వింటే ఫోర్కు కొనకండి. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి, స్క్రూ తిప్పితే రెండు దవడలు తెరుచుకునే లివర్ పుల్లర్ తీసుకోండి. దవడ చీలిక మీ కాడ మందం కంటే కొద్దిగానే ఎక్కువ ఉండాలి. మరీ వెడల్పయితే జారుతుంది. పోత ఇనుముతో చేసినది కాకుండా సాగగొట్టిన ఉక్కుది అడగండి. స్క్రూ బాగా బిగించి, అప్పటికీ వదలకపోతే, బిగింపు అలాగే ఉంచి నకిల్ కన్ను, అంటే కాడ దూరే రంధ్రం చుట్టూ ఉండే భాగం, పక్కవైపు సుత్తితో ఒక గట్టి దెబ్బ వేయండి. చాలాసార్లు అంతటితో వదులుతుంది.

పుల్లర్ లేనివారికి పాత పద్ధతి రెండు సుత్తులది. బరువైన సుత్తిని కన్నుకు ఒక పక్క ఆనించి పట్టుకుని, ఎదురు పక్క ఇంకో సుత్తితో కొడతారు. కన్ను క్షణం పాటు సాగి టేపర్ వదులుతుంది. కొట్టాల్సింది కన్ను పక్కల మీద. కాడ కొసన కొడితే మరలు నలిగి నట్టు రాదు.

పించ్ బోల్టు కాడకు ఇవేవీ అక్కర్లేదు. బోల్టును వదులు చేసి ఊరుకోకుండా పూర్తిగా బయటికి లాగాలి, అది కాడ గాడిలోంచి వెళ్తుంది కాబట్టి. తర్వాత నకిల్ చీలికలో వెడల్పాటి ఉలి కొసను ఆనించి కాస్త తెరిస్తే కాడ జారుతుంది. ఉలిని లోపలిదాకా దిగగొడితే నకిల్ పగులు తీస్తుంది. పగిలిన నకిల్‌కు వెల్డింగు మందు కాదు. మారుతి 800లో రెండు ముందు చక్రాల ఆర్మ్‌లను కలిపే స్టెబిలైజర్ బార్ కొస ఆర్మ్ గుండానే వెళ్తుంది కనుక ఆర్మ్ బయటికి రావాలంటే ఆ నట్టునూ విప్పాలి.

ప్రెస్: కొనాలా, ఆర్మ్ పట్టుకుని ఆటోనగర్ వెళ్లాలా

ఒత్తి బిగించిన జాయింట్ అయితేనే ఈ ప్రశ్న. ఆర్మ్‌తో కలిసి వచ్చే రకమైతే, బోల్టుల రకమైతే ఈ భాగం దాటేయండి.

అంగట్లో దొరికేది పెద్ద 'సి' ఆకారపు ఫ్రేము, మధ్యలో లావు స్క్రూ, రకరకాల గొట్టాల్లాంటి కప్పులు ఉన్న సెట్టు. కొనే ముందు వెర్నియర్ కొలత సాధనంతో కొత్త జాయింట్ ఒంటి బయటి వ్యాసం, అంచు వ్యాసం కొలిచి రాసుకోండి. ఒక కప్పు జాయింట్ బయటికి వచ్చేటప్పుడు దాన్ని తనలోకి తీసుకునేంత వెడల్పు ఉండాలి, అయినా ఆర్మ్ అంచు మీద చుట్టూ సమంగా ఆనాలి. రెండో కప్పు కొత్త జాయింటును నెట్టేటప్పుడు దాని ఉక్కు అంచు మీదే ఆనాలి. కాడ మీదో అడుగు మూత మీదో ఒత్తితే కొత్త జాయింట్ బండి ఎక్కకముందే పాడవుతుంది. ఫ్రేము నోరు జాయింట్, రెండు కప్పులు కలిపి పట్టేంత లోతు ఉందో లేదో కూడా చూడాలి. విదేశీ ట్రక్కుల కోసం చేసిన సెట్లలో కప్పులు పెద్దవి, మన చిన్న కార్లకు ఒకటి కూడా కుదరకపోవచ్చు.

ఇంటికి ఒక బండి ఉన్నవారు దీన్ని కొనడం దండుగ. ఆర్మ్‌ను విప్పి ఇంట్లోనే శుభ్రం చేసుకుని, కొత్త జాయింటుతో సహా తిరుపతి ఆటోనగర్‌లోనో, చిత్తూరులో మీకు తెలిసిన లేత్ షాపులోనో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నవారి దగ్గరికి తీసుకెళ్లండి. చిన్న కూలికి నిమిషాల్లో అయిపోతుంది. ప్రెస్ కింద ఆర్మ్ వంకర లేకుండా నిలబడుతుంది, జాయింట్ నిటారుగా దిగుతుంది. విప్పకుండా బండి మీదే మార్చాల్సిన నిర్మాణమైతే, అంటే జాయింట్ నకిల్‌లోనే ఒత్తి ఉంటే, అప్పుడు సి ఫ్రేము అవసరమే. తెలిసిన షెడ్డులో అద్దెకు అడగండి. స్క్రూ మరలకు గ్రీజు రాయకుండా వాడవద్దు, చవక సెట్టు మీద ఇంపాక్ట్ గన్ పెట్టవద్దు.

సర్‌క్లిప్ తీయకుండా ప్రెస్ బిగించేవారూ ఉన్నారు. మట్టి కింద అది కనిపించదు, గాడిలో వేలిగోరు పెట్టి చూస్తేనే దొరుకుతుంది. సర్‌క్లిప్ ప్లయర్ చిన్న ఖర్చే, కొనుక్కోండి.

పాత జాయింట్ బయటికి వచ్చాక రంధ్రం లోపల ఎమరీ కాగితంతో రుద్ది వేలితో తడమండి. కొత్త జాయింట్ చేత్తో నెడితే పూర్తిగా దిగిపోతోందంటే రంధ్రం సాగిపోయిందన్నమాట, ఆ ఆర్మ్ పని అయిపోయింది. అప్పుడు షెడ్డులో వినిపించే సలహా, 'రెండు చుక్కలు వెల్డింగు పెడితే కదలదు' అని. ఒప్పుకోకండి. జాయింట్ లోపల బంతి చుట్టూ ఉండేది తరచుగా ప్లాస్టిక్ గిన్నె, వెల్డింగు వేడికి అది కరుగుతుంది. కొత్త ఆర్మ్ కొనడమే దారి.

సుత్తితో కొట్టి దించడమూ అంతే. దిగుతుంది, కానీ వంకరగా దిగి రంధ్రాన్ని గీసుకుంటూ పోతుంది.

రివెట్లు ఉంటే

తల మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, మొదట సన్నని బిట్టుతో, తర్వాత రివెట్ మందానికి దగ్గరగా ఉండే బిట్టుతో తల లోతు వరకే డ్రిల్ చేయండి. ఉలితో తల ఎగరగొట్టి, పంచ్‌తో ఒంటిని తోసేయండి. ఆర్మ్ రంధ్రం మాత్రం పెద్దది కాకూడదు. కొత్త జాయింటుతో వచ్చిన బోల్టులే వాడాలి. డబ్బాలో మిగిలిపోయిన మామూలు బోల్టులు ఈ బరువుకు తూగవు.

తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్

స్టాండ్ల తర్వాత నేను కచ్చితంగా కొనమనే పనిముట్టు, నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే ఈ టార్క్ రెంచే. అర అంగుళం డ్రైవుతో, దాదాపు 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా కొలిచే 'క్లిక్' రెంచ్ చాలు. పాత మాన్యువళ్లలో అంకెలు కిలోగ్రామ్ మీటర్లలో ఉంటాయి. వాటిని 9.8తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. మాన్యువల్లో 6 అని ఉంటే 59 దగ్గర పెట్టాలి. 60 అనుకున్నా కొంప మునగదు కానీ, 6 అంకెను న్యూటన్ మీటర్లనుకుంటే మునుగుతుంది. ఈ రెంచితో నట్లు విప్పకూడదు. పని అయ్యాక అంకెను అన్నిటికంటే కిందికి దించి పెట్టెలో పెట్టాలి.

టేపర్ కాడను, రంధ్రాన్ని పొడి గుడ్డతో తుడిచి, గ్రీజు రాయకుండా కూర్చోబెట్టండి. కాజిల్ నట్టును చెప్పిన టార్క్ దాకా బిగించాక గాడి, పిన్ను రంధ్రం ఒకదాని ఎదుట ఒకటి రాకపోతే ఇంకాస్త ముందుకు బిగించాలి గాని వెనక్కి వదలకూడదు. స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయాలి. నైలాన్ నట్టయితే అదీ కొత్తదే. పించ్ బోల్టు రకంలో కాడను చివరిదాకా నెట్టాక బోల్టు చేతివేళ్లతోనే జారిపోవాలి. సుత్తి అవసరమైతే గాడి సరైన చోటికి రాలేదని అర్థం. గ్రీజు నిప్పిల్ ఉన్న జాయింటైతే బూటు కొద్దిగా ఉబ్బే వరకే గ్రీజు కొట్టండి.

ఆర్మ్ రెండో కొసన ఉండే రబ్బరు బుష్ బోల్టుల తుది బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండి తొందరగా చిరుగుతుంది.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఆ షాపుకు వెళ్లే దారి కూడా నెమ్మదిగానే. అది అయ్యాక రేణిగుంట రోడ్డు లాంటి చదును దారిలో కొంతసేపు నడిపి, ఆగి, నట్లనూ స్ప్లిట్ పిన్నులనూ టార్చి వేసి చూసుకోండి. అలిపిరి వైపు ఆ తర్వాత తిరగవచ్చు.